నాలుగు పొట్టేళ్ళ ఎమ్మెస్సీ

ప్రమోదకు ఉన్న సిగ్గును కొలవడానికి ఏ లెక్కల పుస్తకంలోనూ సూత్రం లేదు. అంగట్లో షాంపూ పొట్లం అడిగితే అంగడాయన పొరపాటున బట్టల సబ్బు ఇచ్చినా, అది కాదని చెప్పలేక ఆ సబ్బుతోనే తలంటుకున్న పిల్ల ఆమె. హిందూపురంలో డిగ్రీ చదివినన్నాళ్ళూ, క్లాసులో పేరు పిలిచినప్పుడు ఆమె పలికే ‘ప్రెజెంట్ మేడమ్’ పక్కన కూర్చున్న అమ్మాయికి తప్ప ఎవరికీ వినపడేది కాదు. పక్కనమ్మాయి రాని రోజున ప్రమోద కూడా రానట్టే లెక్క.

అట్లాంటి పిల్లకు పంతొమ్మిదేళ్ళకే తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు వచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో కాళ్ళకు అడ్డం పడుతోందని అవ్వ కుళ్ళాయమ్మ వయసు ఎక్కువ చెప్పి బడిలో వేసింది. అందుకని ప్రమోద చదువులో అందరికంటే ఒక ఏడాది ముందు, మిగతా అన్నిట్లో నాలుగేళ్ళు వెనక ఉండేది.

వచ్చింది సెల్ఫ్ ఫైనాన్స్ సీటు. అంటే ప్రభుత్వం మనకు చప్పట్లు కొడుతుంది, ఫీజు మాత్రం మనం కట్టుకోవాలి. నెలాఖరు లోపల కట్టకపోతే సీటు వెనకనున్న వాళ్ళకు పోతుంది.

ఈ సంగతి విని ఎర్రగుంటపల్లిలో భయపడనివాడు ఒక్కడే. ప్రమోద నాయన సంజీవప్ప. వాన పడిన ఏడాది వేరుశనగ వేసి, పడని ఏడాది గొర్రెలనే నమ్ముకునే మనిషి. “పాపను ఇంకా చదివిస్తాండావంటనే, దుడ్లు యాడుండాయప్పా?” అని ఎవరైనా అడిగితే, బీడీ పక్కన పెట్టి చెయ్యి చాపి చూపించేవాడు.

“దొడ్లో ఉండాయి.”

దొడ్డిలో ఉన్నవి నాలుగు పొట్టేళ్ళు. ప్రమోద చిన్నగా ఉన్నప్పుడు అవ్వ ఆమె పేరు మీద ఒక ఆడ గొర్రెపిల్లను వదిలింది. ఆ ఇంట్లో అది ఆచారం. దానికి పుట్టినవన్నీ ఆ పిల్లవే, వాటి మీద వచ్చిన సొమ్ము ఇంటి ఖర్చుకు తాకరు. రెండేళ్ళుగా సంజీవప్ప ప్రమోద పొట్టేళ్ళను ఏ పండక్కీ అమ్మకుండా అట్టే పెట్టాడు. తాను సంగటిలోకి పచ్చిమిరపకాయ నంజుకుంటూ వాటికి మాత్రం నానబెట్టిన ఉలవలు పెట్టేవాడు. పెట్టి, వాటి వీపు నిమురుతూ, “తినండప్పా, బాగా తినండి. మా పాప ఫీజు మీరే,” అనేవాడు.

ఆ మాట వినపడినప్పుడల్లా ప్రమోద దొడ్డి వైపు చూడకుండా లోపలికి పోయేది. ఎందుకంటే ఆ నాలుగు పొట్టేళ్ళూ అప్పటికే ఇంకొకరివి అయిపోయాయి.

అది ఎట్లా జరిగిందంటే, భయం వల్ల జరిగింది. ఎర్రగుంటపల్లిలో బస్సు ఆగే చోటనే మారెమ్మ గుడి ఉంది. గుడి అంటే మనిషి వంగి దూరేంత గది, దానికి ఒక ఇనుప తలుపు. పరీక్ష రోజున బస్సు ఆలస్యమైతే ప్రమోదకు ఆ తల్లి తప్ప మాట్లాడేవాళ్ళు ఉండరు. ఆ తల్లితో మాట్లాడటంలో ఒక సుఖం ఉంది. పెదవులు కదిలించనక్కర్లేదు. రెండో ఏడాది ఆల్జీబ్రా పరీక్ష నాడు, పుస్తకం మొత్తం మరిచిపోయినట్టు అనిపించి, “ఇది గట్టెక్కిస్తే మా నల్లమూతి పొట్టేలును నీ ముందర కోయిస్తా తల్లీ,” అని మనసులో అనేసింది. గట్టెక్కింది. మూడో ఏడాది వైవా వచ్చింది. వైవా అంటే బయటి కాలేజీ సారు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగితే నోటితో జవాబు చెప్పడం. ఆ మాట వింటేనే ప్రమోదకు చలిజ్వరం. అందుకు వంకరకొమ్ముది పోయింది. వైవాలో సారు “నీ పేరేంటమ్మా?” అని అడిగాడు. దానికి జవాబు చెప్పగలిగింది. అదంతా మారెమ్మ మహిమేనని ప్రమోద ఈనాటికీ నమ్ముతుంది. తరువాత ప్రవేశ పరీక్షకు బొల్లిది. పరీక్ష బాగానే రాసినా సీటు దూరంగా ఎక్కడో పడుతుందేమోనని చివర మిగిలిన పొగరుమోతుది.

మామూలుగా ఎవరైనా జీవాన్ని మొక్కుకుంటే పసుపు రాసి, మెడలో గుడ్డ కట్టి, పదిమందికీ చెబుతారు. ప్రమోద ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు తెరవాలి కదా. ఎవరూ చూడనప్పుడు దొడ్డిలోకి పోయి పొట్టేలు చెవిలో చెప్పింది. ఆ పొట్టేలు కూడా ఎవరికీ చెప్పలేదు.

సీటు వచ్చిన రోజున మెదడు మెల్లగా లెక్క వేసుకుంది. స్టాటిస్టిక్స్ చదవబోయే పిల్ల అయ్యుండి, ఫీజు మొత్తం సీటు రావడానికే ఖర్చు పెట్టేసినట్టు అప్పుడు తెలిసింది.

“నాయనా, పొట్టేళ్ళు అమ్మొద్దు,” అని ఆ సాయంత్రం అంది. అసలు సంగతి చెప్పబోయి, అంతవరకే చెప్పగలిగింది.

సంజీవప్ప కూతురి ముఖం చూసి కరిగిపోయాడు. మర్నాడు ఊరంతా చెప్పుకొచ్చాడు. “మా పాపది ఎంత మెత్తని మనసంటే, జీవాలను అమ్మాలంటే ఏడుస్తాంది.” దాంతో ప్రమోదకు దయగల పిల్లగా పేరొచ్చింది. రాని పేరు పోగొట్టుకోవడం కష్టం కాదు గానీ, వచ్చిన పేరును కాదనడం సిగ్గరికి చాలా కష్టం.

ఇక మిగిలింది ఒకటే దారి. పొట్టేళ్ళ జోలికి పోకుండా ఫీజు ఎక్కడి నుంచైనా తేవాలి.

మొదట కాలేజీలో పాఠం చెప్పిన ఐశ్వర్య మేడమ్ ఫోనుకు ఒక లింకు పంపింది. ఏదో ట్రస్టు వాళ్ళు పల్లెటూరి ఆడపిల్లలకు పీజీ చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తారు. మార్కులు చాలు, కులం ఆదాయం కాగితాలు చాలు, వాటితో పాటు ‘మీ గురించి మీ మాటల్లో’ అని రెండు నిమిషాల వీడియో పంపాలి. ఇంట్లో తీస్తే అవ్వ వింటుందని ప్రమోద దొడ్డిలోకి పోయి, ఫోనును ఉలవల బస్తాకు ఆనించి పెట్టి మాట్లాడింది. తీసింది తుడిపేసి, మళ్ళీ తీసి, చివరికి కళ్ళు మూసుకుని పంపేసింది. వారం తరువాత జవాబు వచ్చింది. ‘వీడియోలో అభ్యర్థి గొంతు వినపడలేదు. గొర్రె గొంతు స్పష్టంగా ఉంది.’ ప్రమోద మళ్ళీ ఆ వీడియో పెట్టుకుని చూసింది. వాళ్ళు రాసింది నిజమే. ఆమె పెదవులు కదులుతున్నాయి, వెనక నుంచి పొగరుమోతుది తన గురించి తన మాటల్లో చెప్పుకుంటోంది.

తరువాత బ్యాంకు. పెనుకొండలో బ్యాంకుకు పోయి చదువు అప్పు అడిగితే ఇస్తారని విని, ఒక్కతే పోయింది. లోపల రెండు వరుసలున్నాయి. ఏది దేనికో అడగలేక, ఆడవాళ్ళు ఎక్కువున్న వరుసలో నిలబడింది. ముందంతా ముసలమ్మలు, వెనకంతా ముసలమ్మలు. అది పింఛను వరుస అని సగం దూరం జరిగాక అర్థమైంది. అప్పుడు పక్కకు తప్పుకుంటే అందరూ చూస్తారని అట్లాగే నిలబడింది. కౌంటరు దాకా వచ్చాక లోపలి ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, “మీ అవ్వ రాలేదామ్మా?” అన్నాడు.

“ఇంటికాడ ఉండాది సార్,” అంది ప్రమోద.

“వేలిముద్ర పడల్ల. రేపు పిల్చుకోని రా.”

“సరే సార్.”

చదువు అప్పు కోసం బ్యాంకుతో ఆమె జరిపిన చర్చలు అంతే. ఇంటికొచ్చి అవ్వ ముఖం వంక చూస్తే, పింఛను ఎప్పుడో తెచ్చేసుకుని వక్కాకు నములుతోంది.

మూడోది ధర్మవరం. అక్కడ మేనత్త అరుణ ఉంది. పెళ్ళయి పోయాక అత్తగారింట్లో మగ్గం నేర్చుకుని పట్టుచీరలు నేస్తోంది. పనిలో కుదిరే వాళ్ళకు షావుకారు అడ్వాన్సు ఇస్తాడని, సెలవుల్లో వచ్చి నేసి తీర్చుకోవచ్చని అత్తే అంది. మగ్గానికి నోటితో పని లేదు కాబట్టి ఇది తన కోసమే పుట్టిన పని అనుకుని ప్రమోద ఉత్సాహంగా పోయింది. అత్త ముందుగా కండెలకు దారం చుట్టే పని ఇచ్చింది. దారం తెగినప్పుడు పిలువు, సన్నగా అతికిస్తానని చెప్పింది. దారం తెగింది. అత్త మగ్గం మీద ఉంది. పిలవడానికి సిగ్గేసి, ప్రమోద తానే ముడి వేసింది. మళ్ళీ తెగింది, మళ్ళీ వేసింది. ఆ కండెలు నేతలోకి పోయేసరికి నెమలిపింఛం రంగు చీర మీద ముడులన్నీ మొటిమల్లాగా తేలాయి.

అరుణ చీర మీద చెయ్యి పెట్టి, ఆ ముడులు ఒక్కొక్కటే తడిమింది. తరువాత నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఏమే, పిల్చమంటి కదా?”

“పని చేస్తాంటివి కదత్తా...”

“నేను పని చేస్తాంటే నువ్వు పని చెడగొడుతాంటివా! ఈ చీర ఎవురు కట్టుకోవల్ల ఇప్పుడు? నువ్వే కట్టుకో, పెండ్లికి.” అని నెత్తి మీద మొట్టి, అన్నం పెట్టి, బస్సెక్కించింది.

ప్రమోద ఊరు చేరేసరికి సంజీవప్ప లగేజీ ఆటో మాట్లాడి పెట్టాడు. గడువుకు ఇక వారం కూడా లేదు. “మెత్తని మనసుంటే సరిపోదు తల్లీ, ఫీజు కట్టల్ల. రేపు హిందూపురం సంత. నువ్వూ రా, అమ్మిన దుడ్లు అమ్మినట్టే ఆడే కట్టేసి వస్తాం,” అన్నాడు. గార్మెంట్స్ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన అమ్మ హేమావతి, “ఏడ్చేదుంటే ఈడే ఏడ్చిపో. సంతలో ఏడిస్తే రేటు తగ్గుతాది,” అంది. ప్రమోద చెబుదామని నోరు తెరిచింది. నాయన అప్పటికే పొట్టేళ్ళ కొమ్ములకు నూనె రాస్తున్నాడు. తెరిచిన నోరు ఆవలింతగా మార్చుకుని లోపలికి పోయింది.

సంతలో ఆమె ఆటో చాటున నిలబడింది. గొర్రెలు, దుమ్ము, టీ కేకలు, మనుషులు. సంజీవప్ప పొట్టేళ్ళను చూడటానికి వచ్చిన వాళ్ళు వచ్చినట్టే వాటి నడుము నొక్కారు, పెదవులు పైకెత్తి పళ్ళు చూశారు. చివరికి నాగభూషణం అనే వ్యాపారి నిలబడ్డాడు. సంజీవప్ప భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ప్రమోదకు ఆ పద్ధతి చూస్తే అసూయ కలిగింది. ప్రపంచంలో అన్ని పనులూ తువ్వాలు కింద జరిగితే తాను ఈ పాటికి డాక్టరేటు చేసేసి ఉండేది.

తువ్వాలు కాసేపు కదిలింది. నాగభూషణం తల ఊపాడు, సంజీవప్ప తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ తువ్వాలు కదిలింది. ఇద్దరి ముఖాలూ విప్పారాయి. బేరం కుదిరింది.

“ఒక మాటప్పా,” అన్నాడు నాగభూషణం డబ్బు సంచి తీస్తూ. “ఇవి మొక్కుబడివి కాదు కదా?”

అది అందరూ అడిగేదే. దేవర సొత్తు కొని కోస్తే ఇల్లు మునుగుతుందని వ్యాపారుల భయం. అమ్మేవాడు ఒట్టు వేస్తేనే డబ్బు చేతులు మారుతుంది.

“ఏమబ్బా, నన్ను చూస్తే అట్ల అనిపిస్తాందా?” అని సంజీవప్ప నవ్వి, వెనక్కి తిరిగి, ప్రమోదను ఆటో చాటు నుంచి లాగి ముందు నిలబెట్టాడు. “నా బిడ్డ. ఎమ్మెస్సీ చదవబోతాంది. ఈ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెబుతాండా...”

ఆ చెయ్యి గాలిలో ఉండగానే ప్రమోద అరిచింది.

“వద్దు నాయనా! అవి మారెమ్మవి!”

అది ఎంత అరుపంటే పక్క బేరంలో తువ్వాలు జారి కింద పడింది. టీ పోసేవాడు గ్లాసు నిండినా పోస్తూనే ఉన్నాడు. ఆమె గొంతు తనలో ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా ఆ ఒక్క మాటకే ఖర్చు పెట్టేసినట్టుంది.

“ఏది మారెమ్మది?” అన్నాడు సంజీవప్ప, చెయ్యి ఇంకా గాలిలోనే ఉంచి.

“నాలుగూ.”

“నాలుగూనా?”

“ఆల్జీబ్రాకొకటి... వైవాకొకటి...” అని ప్రమోద ఏడుపులోకి దిగింది.

నాగభూషణం సంచి మూతి బిగించి, రెండు అడుగులు వెనక్కి వేసి, పొట్టేళ్ళకే దండం పెట్టాడు. “ఏమప్పా సంజీవప్పా, ఆయమ్మ సొత్తు నాకంటగడుతాంటివి కదా! నీ బిడ్డ నా ఇల్లు కాపాడె. పో సామీ, నీ పొట్టేళ్ళు వద్దు, నీ సావాసమూ వద్దు.” ఆ మాట సంత అంతా పాకింది. ఇక కొనేవాడు కాదు కదా, పళ్ళు చూసేవాడు కూడా రాలేదు.

తిరుగు దారిలో ఆటో వెనక తండ్రీ కూతురూ పొట్టేళ్ళ మధ్య కూర్చున్నారు. సంజీవప్ప వంకరకొమ్ముదాని మెడతాడు సడలించి మళ్ళీ కట్టాడు. తిట్టి ఉంటే ప్రమోదకు కొంత బాగుండేది. పెనుకొండ కొండ కనపడేసరికి గొంతు సవరించుకున్నాడు.

“ఒక్కటన్నా మిగిల్చకూడదా తల్లీ?”

“సీటు రాదేమోనని భయమాయె నాయనా.”

“సీటు వచ్చె కదా. ఇంక ఆ సీటు నెత్తి మీద పెట్టుకోని ఊరేగు.” అని ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకున్న ముఖం తడిగా ఉందని ప్రమోదకు తెలిసింది. ఆ క్షణాన ఆటో నుంచి దూకి పారిపోవాలనిపించింది, కానీ దూకితే డ్రైవరు చూస్తాడు.

వార్త వాళ్ళకంటే ముందే ఊరు చేరింది. సంతకు పోయినవాడెవడో ఫోను చేసి చెప్పినట్టున్నాడు. ఆటో ఆగేసరికి ఇంటి ముందు ఊరు గుమిగూడి ఉంది. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న.

“సంజీవప్పా, ఎప్పుడు కోస్తాండావు?”

మొక్కు పొట్టేలు కోస్తే ఊరిని పిలిచి భోజనం పెట్టడం వాడుక. నాలుగంటే రెండు పూటలు జరుగుతుంది. మారెమ్మ పూజారి ఆంజనప్ప అప్పటికే లేచి నిలబడి పనులు పంచుతున్నాడు. “మంగళవారం మంచిది. బియ్యం ఇంటోళ్ళవి, కట్టెలు ఊరివి. తలకాయలు వాడుక ప్రకారం నావి.”

అంతవరకూ అరుగు మీద వక్కాకు నములుతున్న అవ్వ కుళ్ళాయమ్మ నోట్లోది ఉమ్మేసి లేచింది.

“ఆంజనప్పా, నువ్వాగు. ఏమే పాపా, ఇట్ల రా. ఏమని మొక్కుకుంటివి? ఉన్న మాట ఉన్నట్టు చెప్పు.”

ప్రమోద భూమిలోకి చూసింది. భూమి తెరుచుకోలేదు.

“అందరిముందరా?”

“సంతలో అరిసినావంటనే, ఈడ చెప్పేకేమి?”

తప్పదని తెలిసింది. ప్రమోద కళ్ళు మూసుకుని, మారెమ్మ ముందు మనసులో అన్నది మొదటిసారి నోటితో అంది. “తల్లీ, వైవాలో నా నోరు పెగిలేటట్టు చేస్తే, మా వంకరకొమ్ముదాన్ని నీ ముందర కోయిస్తా. ఎవురికీ చెప్పొద్దు.”

“అంతేనా? నాలుగిటికీ అంతేనా?”

“అంతే.”

“ఊరికి కూడు పెడతానని అన్లేదా?”

“లేదవ్వా.”

“ఎందుకన్లేదే?” అని ఆంజనప్ప అడ్డం వచ్చాడు, సొంత నష్టం జరిగినట్టు.

ప్రమోద చాలా చిన్నగా జవాబు చెప్పింది. అందరూ ఒక అడుగు ముందుకు జరిగారు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. “కూడు పెట్టాలంటే అందర్నీ పిలవల్ల కదా. వచ్చినోళ్ళతో మాట్లాడల్ల కదా. నాకు సిగ్గు.”

ఊరు ఒక్కసారిగా నవ్వింది. ఎదురింటి వెంకటలక్ష్మమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది. అంత నవ్వులోనూ అవ్వ ముఖం మాత్రం లెక్క తేలిన షావుకారు ముఖంలా వెలిగింది.

“విన్నారు కదా? ఆయమ్మకు మొక్కింది ఆమె ముందర కోసేది. కోస్తాం. మాంసం మేం ఏం చేసుకుంటే మీకేమి? పాళ్ళు వేసి అమ్ముతాం.”

ఊళ్ళో ఎవరైనా పొట్టేలు కోస్తే మాంసాన్ని సమానంగా పాళ్ళు వేసి పెడతారు, కావలసిన ఇల్లు డబ్బిచ్చి తీసుకుంటుంది. అది అందరికీ తెలిసిందే. కానీ మొక్కు మాంసాన్ని పాళ్ళు వేసినవాళ్ళు లేరు.

“అట్ల ఎవురూ చెయ్యలేదు,” అన్నాడు ఆంజనప్ప.

“ఎమ్మెస్సీ మాత్రం ఈ ఊళ్ళో ఎవురు చేసిరప్పా? నీ తలకాయలు నాలుగూ నీకే ఇస్తాండా. ఇంకేమి?”

ఆంజనప్ప తలకాయల గురించి కొంచెం ఆలోచించాడు. “ఆయమ్మకు మొక్కినట్టే జరిగితే ఆయమ్మకేం కోపం ఉండదులే,” అన్నాడు.

సంజీవప్ప ఆ పూటే అమ్మకానికి ఊరు తిరగబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. “నువ్వు కాదు. మొక్కింది ఇది, చదివేది ఇది. ఇంటింటికీ పోయి ఎన్ని పాళ్ళు కావాల్నో ఇదే అడిగి రావల్ల.”

ప్రమోదకు ఎమ్మెస్సీ అక్కర్లేదనిపించింది. నిజంగానే ఆ క్షణాన గొర్రెలు కాస్తూ బతికేద్దామనుకుంది. గొర్రెలు ప్రశ్నలడగవు. కానీ దొడ్డి వైపు చూస్తే నాయన కనపడ్డాడు. అమ్ముడుపోని పొట్టేళ్ళకు మళ్ళీ ఉలవలు పెడుతున్నాడు, ఎప్పుడూ అనే మాట మాత్రం అనడం లేదు. ఆ మాట లేకపోవడం ఆమెను వీధిలోకి తోసింది.

మొదటి ఇల్లు వెంకటలక్ష్మమ్మది. గుమ్మం ముందు నిలబడి ప్రమోద చాలాసేపు చీపురును చూసింది.

“ఏమ్మే? చక్కెర కావాల్నా?”

ప్రమోద తల ఊపింది. గ్లాసు చక్కెరతో ఇంటికి తిరిగొచ్చింది. అవ్వ ఆ గ్లాసు వంక చూసి, మళ్ళీ వీధి వైపు వేలు చూపించింది.

రెండోసారి పోయినప్పుడు వెంకటలక్ష్మమ్మ తానే అడిగింది. “చక్కెర కోసం కాదని నాకు తెలుసులే. నీ నోటితో వినల్లని ఇచ్చినా. చెప్పు.”

“మాంసం... ఎన్ని పాళ్ళు కావాల?”

“ఎందుకు కొనల్ల నేను? ఊరికే వచ్చే కూడు పాయ. నీ చదువుతో నాకేం లాభం?”

నిజంగా ఏం లాభమో ప్రమోదకూ తెలియదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పింది. “వాన ఏ వారంలో ఎక్కువ పడతాదో, ఏ పంటకు ఎంత నష్టమొస్తాదో పాత లెక్కలు చూసి చెప్పే చదువక్కా.”

“అట్లయితే మీ నాయనకు ముందే చెప్పకూడదా, పోయినేడు సెనక్కాయ వెయ్యొద్దని?”

“అప్పుటికి నాకు ఆల్జీబ్రానే రాకుండె.”

వెంకటలక్ష్మమ్మ పగలబడి నవ్వి, రెండు పాళ్ళు అంది. ఆ నవ్వు విని పక్కింటి కొండమ్మ బయటికొచ్చింది. ఆమె మూడు అంది, కానీ డబ్బు ముందే ఇవ్వనంది. ఇంకో ఇంట్లో మాంసం ముట్టరు. అయినా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, తిరుపతిలో హాస్టలు ఎట్లుంటుందని అడిగారు. ఒక ఇంట్లో ముసలాయన, “పరీక్షకొక పొట్టేలైతే ఎమ్మెస్సీకి గొర్రెల మందే చాలదు కదమ్మా,” అని ఏడిపించాడు. ప్రతి గుమ్మంలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. వీధి చివరికి వచ్చేసరికి ప్రమోద జవాబు పొడుగైంది, తడబాటు తగ్గింది. ఒక చోట చేతులు కూడా ఆడించింది. ఇదే మాట బ్యాంకులో చెప్పి ఉంటే ఈ ఊరంతా తిరిగే పని ఉండేది కాదు కదా అని అనుకుంది. కానీ బ్యాంకులో మజ్జిగ ఇవ్వరు.

అంతా తిరిగినా ఊరు మూడు పొట్టేళ్ళకే సరిపోయింది. ఫీజుకు నాలుగూ కావాలి. ప్రమోద ఫోను తీసి, మెసేజీ రాయబోయి, తుడిపేసి, అరుణత్తకు కాల్ చేసింది. ఆమె తనంతట తాను ఒకరికి కాల్ చేయడం అదే మొదలు. అవతల అత్త భయపడింది. “ఎవురికేమాయె?” అని మూడుసార్లు అడిగింది. సంగతి విన్నాక మగ్గం దిగి వీధంతా కేకేసింది. పట్టుచీర మీద మొటిమలు మొలిపించిన పిల్ల పొట్టేలంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. నాలుగో పొట్టేలు ధర్మవరంలో చెల్లిపోయింది.

మంగళవారం పొద్దున్నే మారెమ్మ ముందు మొక్కు తీరింది. ప్రమోద అక్కడే నిలబడింది గానీ, ఒక్కో పొట్టేలు వంతు వచ్చినప్పుడు గుడి తలుపు మీది తుప్పును చూసింది. మెత్తని మనసని పేరొచ్చింది అబద్ధం వల్లే అయినా, ఆ పూట అది కొంత నిజమైంది. పొగరుమోతుది చివరి దాకా అరుస్తూనే ఉంది. ఆ గొంతు వీడియోలో ఇంకా ఉందని గుర్తొచ్చి ఆమె పమిటతో ముఖం తుడుచుకుంది. తరువాత ఆకుల మీద పాళ్ళు వేశారు, మనుషులు వచ్చారు, ఎవరి పాలు చిన్నది ఎవరి పాలు పెద్దది అని గొడవపడ్డారు. ఆంజనప్ప నాలుగు తలకాయలూ రెండు చేతుల్లో పట్టుకుని ఒడ్డుకు చేరినవాడిలా నడిచిపోయాడు. అరుణత్త లగేజీ ఆటోలో వచ్చి తన వంతు ఎత్తుకుపోయింది. కొండమ్మ డబ్బు కోసం ప్రమోద రెండుసార్లు ఆమె గుమ్మం తొక్కింది. రెండోసారి పిలవకుండానే లోపలికి పోయింది.

గడువు రోజున తండ్రీ కూతురూ పెనుకొండలో నెట్ సెంటరుకు పోయారు. నోట్లకు పసుపు మరకలు, మసాలా వాసన. అక్కడి ఆయన నోట్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ అడగకుండా తన ఖాతా నుంచి ఫీజు కట్టాడు. మిషను నుంచి రసీదు వెచ్చగా బయటికొచ్చింది. సంజీవప్ప దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అయినా పైనుంచి కింది దాకా చదివినట్టు చూశాడు.

“ఇదేనా ఎమ్మెస్సీకంతా?”

“కాదు నాయనా. మొదటేడాదికి.”

“ఎన్నేండ్లు?”

“రెండు.”

సంజీవప్ప రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దొడ్డిలో ఇప్పుడు చూలు గొర్రెలు రెండున్నాయి. పిల్లలు పుట్టి, పెరిగి, సంతకు వచ్చేసరికి సరిగ్గా ఏడాది. ఆ లెక్క ఆయన ముఖంలో నడవడం ప్రమోదకు కనపడింది.

“ఈసారి పుట్టేటివి నీవి కాదు, నావి అనుకో,” అన్నాడు. “వాటి చెవిలో ఏమీ చెప్పొద్దు. మొక్కనని చెప్పు.”

“మొక్కను,” అంది ప్రమోద. గట్టిగానే అంది. కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్ళు తిరిగి చూశారు. ఆమె కూడా వాళ్ళ వంక తిరిగి చూసింది.

రెండో ఏడాదిలోనూ వైవా ఉంటుందన్న సంగతి మాత్రం నాయనకు చెప్పలేదు.